ట్రాకర్లు ఆగాలి, కరెంటు బిల్లూ కట్టగలగాలి: ఇంటి వైఫైలో డొమైన్ బ్లాకింగ్

ప్రకటనల, ట్రాకర్ల (మన కదలికలు రాసుకునేవాటి) డొమైన్లను, అంటే వెబ్ పేర్లను, ఇంటి వైఫై అంతటా ఆపే పై-హోల్‌నో యాడ్‌గార్డ్ హోమ్‌నో ఇంట్లో పెట్టుకుని కొన్నాళ్లకు పీకేసినవాళ్లను కారణం అడిగితే, ప్రకటనలు ఆగలేదని ఎవరూ చెప్పరు. చెల్లింపు పేజీలో చక్రం తిరుగుతూనే ఉండిపోయిందనో, ఎస్ఎంఎస్‌లో వచ్చిన లింకు తెరుచుకోలేదనో, టీవీలో మ్యాచ్ రాలేదనో చెబుతారు. పీకేయడం చేతకాని ఇంట్లోవాళ్లు ఇంకా తేలికైన పని చేస్తారు. వైఫై ఆపేసి మొబైల్ డేటాకు మారిపోతారు. అక్కడితో ఆ ఫోనుకు రక్షణ సున్నా. కాబట్టి లక్ష డొమైన్లు ఎక్కువ ఆపే జాబితా కన్నా, వైఫై ఆపేద్దామన్న ఆలోచన ఎవరికీ రానివ్వని జాబితాతోనే ఎక్కువ గోప్యత దక్కుతుంది. ఇంటి మొత్తానికి తేలికపాటి బ్లాకింగ్ పెట్టండి, గట్టిది కావాల్సిన పరికరాలకే గట్టిగా పెట్టండి, ఏదైనా తెగితే, అంటే పనిచేయడం ఆగితే, ఆ ఒక్క డొమైన్ గురించే నిర్ణయం తీసుకోండి.

సైట్లు, యాప్‌లు అసలు ఎందుకు తెగుతాయి

డీఎన్ఎస్ అంటే డొమైన్ పేరు అడిగితే దాని నంబరు చిరునామా చెప్పే వ్యవస్థ. పై-హోల్ వంటి డీఎన్ఎస్ బ్లాకర్ చేసే పని చిన్నది. ఫోను ఏదైనా డొమైన్ చిరునామా అడిగినప్పుడు ఆ పేరు జాబితాలో ఉంటే 0.0.0.0 అని, అంటే ఎక్కడికీ చేరని చిరునామాతో, జవాబిస్తుంది. ఏ పేజీ అడిగిందో, ఎందుకు అడిగిందో దానికి తెలియదు. చిక్కులన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

అందరికీ మొదట తగిలేది లింకుల బెడద. షాపింగ్ యాప్‌లు, బ్యాంకులు పంపే లింకులు చాలాసార్లు నేరుగా గమ్యానికి వెళ్లవు. యాప్స్‌ఫ్లయర్ వారి వన్‌లింక్ డాట్ ఎంఈ, బ్రాంచ్ వారి యాప్ డాట్ లింక్ వంటి చోట ఆగి, క్లిక్కును లెక్క రాయించుకుని, ఆ తర్వాతే అసలు పేజీకి పోతాయి. మధ్య మజిలీని ఆపేస్తే గమ్యమూ లేదు. గూగుల్‌లో పైన ‘స్పాన్సర్డ్’ అని వచ్చే ఫలితాలు కూడా గూగుల్‌యాడ్‌సర్వీసెస్ డాట్ కామ్ మీదుగా వెళ్తాయి కనుక నొక్కితే ఖాళీ పేజీ వస్తుంది. ఇది మాత్రం ఆగడమే మేలు. నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు కూడా ఆ వరుసలోకే చొరబడుతుంటాయి. కిందికి జరిగి మామూలు ఫలితం నొక్కమని ఇంట్లో ఒకసారి చెబితే సరిపోతుంది.

రెండో రకం కంటికి కనిపించదు. ‘సబ్మిట్’ నొక్కగానే ముందు అనలిటిక్స్‌కు (వాడకాన్ని లెక్కించే సేవకు) ఒక ఈవెంట్ పంపి, తర్వాత ఫారం పంపేలా కొందరు కోడ్ రాస్తారు. అనలిటిక్స్ స్క్రిప్టు రాకపోతే ఆ ఫంక్షనే ఉండదు. జావాస్క్రిప్ట్ అక్కడే ఎర్రర్‌తో ఆగిపోతుంది, బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ట్యాగ్ మేనేజర్లతో ఇంకా చిక్కు. అడోబీ వారి అసెట్స్ డాట్ అడోబీడీటీఎం డాట్ కామ్, టీలియం వారి ట్యాగ్స్ డాట్ టీఐక్యూసీడీఎన్ డాట్ కామ్ ట్రాకర్లను మోసుకొచ్చేవే అయినా, కొన్ని సైట్లు పేజీకి అవసరమైన కోడ్‌ను కూడా వాటిలోనే కలిపి పంపుతాయి. వీడియోల విషయంలో ప్రకటనలు తెచ్చే ఐఎంఏఎస్‌డీకే డాట్ గూగుల్‌ఏపీఐస్ డాట్ కామ్ ఆగితే, ప్రకటన రాలేదు కనుక అసలు వీడియోనూ మొదలుపెట్టని ప్లేయర్లు ఉన్నాయి.

మూడోది, పనీ నిఘా ఒకే డొమైన్ మీద నడవడం. ఎస్ డాట్ యూట్యూబ్ డాట్ కామ్ ఆపితే యూట్యూబ్ మామూలుగానే నడుస్తుంది, వాచ్ హిస్టరీ మాత్రం నమోదు కాదు. గ్రాఫ్ డాట్ ఫేస్‌బుక్ డాట్ కామ్‌కు వేరే యాప్‌ల నుంచి మీ కదలికలూ వెళ్తాయి, ‘ఫేస్‌బుక్‌తో లాగిన్’ కూడా అక్కడే జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ టెలిమెట్రీకి (వాడకం వివరాలు తయారీదారుకు పంపడానికి) వాడే వీ10 డాట్ ఈవెంట్స్ డాట్ డేటా డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్ ఆపితే ఎక్స్‌బాక్స్‌లో అచీవ్‌మెంట్లు నమోదు కాకపోవచ్చు.

నెట్ ఉందో లేదో చూసుకోవడానికి పరికరాలు అడిగే పేర్లు మరో రకం. ఆండ్రాయిడ్‌కు కనెక్టివిటీచెక్ డాట్ జీస్టాటిక్ డాట్ కామ్, విండోస్‌కు ఎంఎస్ఎఫ్‌టీకనెక్ట్‌టెస్ట్ డాట్ కామ్, ఐఫోన్‌కు క్యాప్టివ్ డాట్ యాపిల్ డాట్ కామ్. వీటిని ఆపితే గోప్యత పరంగా దక్కేది దాదాపు శూన్యం, ‘నో ఇంటర్నెట్’ అని ఫోను దానంతట అదే డేటాకు మారే ప్రమాదం మాత్రం ఉంటుంది. ముందుగానే అనుమతి జాబితాలో వేసేయండి.

యూట్యూబ్ ప్రకటనలు డీఎన్ఎస్‌తో ఆగవు. వీడియో వచ్చే డొమైన్ల నుంచే ప్రకటనా వస్తుంది. ఆపుతామని చెప్పే జాబితాలు కొన్నాళ్లకు వీడియోలనే తెంచుతాయి, వాటి జోలికి పోవద్దు.

బ్లాకర్ తానే పడిపోతే

జాబితాల గురించి తల బద్దలు కొట్టుకునే ముందు ఇది చూసుకోవాలి. ఎందుకంటే బ్లాకర్ పడిపోతే ఆగేది ఒక సైటు కాదు, ఇంటి నెట్ మొత్తం. పై-హోల్‌కు 512 ఎంబీ ర్యామ్ ఉన్న చిట్టి కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ చాలు. కానీ రూటర్‌ను మినీ యూపీఎస్‌కు తగిలించి, పై బోర్డును మామూలు ప్లగ్గులో వదిలేస్తే కరెంటు పోయిన ప్రతిసారీ వైఫై ఉంటుంది, నెట్ ఉండదు. పైగా ఉన్నట్టుండి కరెంటు తెగితే ఎస్‌డీ కార్డు పాడవొచ్చు. 12 వోల్టుల అవుట్‌పుట్ ఒక్కటే ఉన్న యూపీఎస్ పై బోర్డుకు పనికిరాదు, 5 వోల్టుల యూఎస్‌బీ అవుట్‌పుట్ కూడా ఉన్నది కొనండి.

పై-హోల్ పడిపోయినా నెట్ ఆగకుండా ఉండాలని చాలామంది రూటర్‌లో రెండో డీఎన్ఎస్‌గా గూగుల్ వారి 8.8.8.8 పెడతారు. రెండోది అత్యవసరానికే వాడుకుంటుందన్న నియమం ఏమీ లేదు. పరికరం తనకు తోచినప్పుడు దాన్ని అడుగుతుంది, సగం ప్రశ్నలు బ్లాకర్‌ను దాటిపోతాయి. ఒక ట్రాకర్ ఒకసారి ఆగి ఇంకోసారి ఆగకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. రెండో డీఎన్ఎస్ కావాలంటే రెండో పై-హోల్ పెట్టాలి, లేదా ఆ గడి ఖాళీగా వదలాలి.

ఐపీవీ6 (ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4) కూడా చూడండి. ఫైబర్ కంపెనీలు ఇచ్చే రూటర్లు తమ సొంత ఐపీవీ6 డీఎన్ఎస్‌ను ఇంట్లో పరికరాలకు ప్రకటిస్తుంటాయి. ఐపీవీ4 వైపు ఎంత కట్టుదిట్టం చేసినా ఫోను ఆ దారిన పోతుంది. రూటర్‌లో ఆ డీఎన్ఎస్‌ను మార్చే వీలుంటే పై-హోల్ ఐపీవీ6 చిరునామా ఇవ్వండి. డీహెచ్‌సీపీలో (పరికరాలకు చిరునామా, డీఎన్ఎస్ అందించే ఏర్పాటులో) డీఎన్ఎస్ మార్చనివ్వని రూటర్ అయితే అందులో డీహెచ్‌సీపీ ఆపేసి, ఆ పని పై-హోల్‌కే అప్పగించవచ్చు.

రూటర్ ద్వారా ప్రశ్నలన్నీ పంపే అమరికలో మరో ఉచ్చు ఉంది. సెట్టింగు మార్చకపోతే పై-హోల్ ఒక్కో పరికరానికి 60 సెకన్లలో 1000 ప్రశ్నలకు మించి జవాబివ్వదు. అన్నీ రూటర్ పేరు మీదే వస్తుంటే ఇంటి మొత్తాన్నీ ఒకే పరికరంగా లెక్కేస్తుంది. ఆపేసిన డొమైన్‌ను వెర్రిగా మళ్లీ మళ్లీ అడిగే యాప్ ఒక్కటి చాలు, అందరికీ నెట్ ఆగడానికి. పరికరాలు నేరుగా పై-హోల్‌నే అడిగేలా డీహెచ్‌సీపీలో దాని చిరునామా ఇవ్వండి.

జాబితా ఎంపిక

జాబితాలు ఎన్ని కలిపితే అంత మంచిదన్నది తప్పు లెక్క. డొమైన్లలో చాలా భాగం అన్నింటిలోనూ ఉండేవే, పొరపాట్లు మాత్రం ఎవరివి వాళ్లవి. నాలుగు జాబితాలు కలిపితే రక్షణ కొంచెమే పెరుగుతుంది, నలుగురి పొరపాట్లూ మీ ఇంటికొస్తాయి. ఒకటి ఎంచుకోండి.

ఏదీ తెగకూడదన్న పట్టుతో నడిచేది ఓఐఎస్‌డీ అనే జాబితా. హగేజీ జాబితాలు లైట్, నార్మల్, ప్రో, ప్రో ప్లస్ ప్లస్, అల్టిమేట్ అని మెట్లుగా ఉంటాయి. ఇంటి మొత్తానికి ఓఐఎస్‌డీ బిగ్ గానీ హగేజీ నార్మల్ గానీ చాలు. మీ సొంత ల్యాప్‌టాప్‌కు ప్రో వేసుకోవచ్చు. ప్రో ప్లస్ ప్లస్ నుంచి పైకి వెళ్లాలంటే తెగినప్పుడు సరిచేసే మనిషి ఇంట్లో ఉండాలి. అమెరికాలో ఉండి హైదరాబాద్‌లోని అమ్మానాన్నల ఇంటికి అల్టిమేట్ పెట్టడమంటే, మీకు అర్ధరాత్రి ఫోన్లు రావడమే.

షియోమీ, వివో, ఒప్పో, శాంసంగ్ ఫోన్లు తమ తయారీదారుకు పంపే సమాచారాన్ని ఆపడానికి హగేజీలో విడి జాబితాలున్నాయి. ఒకటి మించకూడదన్న మాటకు ఇవి మినహాయింపు, కాకపోతే ఆ ఫోన్లకే వర్తించేలా పెట్టండి.

దీనికి పై-హోల్‌లో గ్రూపులు ఉన్నాయి. ‘డిఫాల్ట్’ గ్రూపులో తేలిక జాబితా, ‘గట్టి’ అని కొత్త గ్రూపు చేసి అందులో ప్రో, ‘వదిలేసినవి’ అని ఏ జాబితా లేని గ్రూపు ఇంకొకటి. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను మూడోదాంట్లో వేయండి. అందులో కంపెనీ వీపీఎన్, కంపెనీ డీఎన్ఎస్ ఉంటాయి, అక్కడ తెగితే మీ ఉద్యోగానికే ఇబ్బంది. స్మార్ట్ టీవీని మాత్రం గట్టి గ్రూపులోనే పెట్టి చూడండి. టీవీ తయారీదారుకు వెళ్లే సమాచారం చాలా ఎక్కువ, అది ఆగినందువల్ల కలిగే నష్టం సాధారణంగా తక్కువ. ఓటీటీ యాప్ ఒకటి మొరాయిస్తే దాని డొమైన్ ఒక్కటి వదలండి.

పరికరాన్ని మ్యాక్ చిరునామాతో (దాని నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యతో) గుర్తించమని పై-హోల్‌కు చెప్పేముందు ఫోన్లలో ఒక సెట్టింగు మార్చాలి. కొత్త ఆండ్రాయిడ్‌లు, ఐఫోన్లు వైఫైకి తోచిన మ్యాక్ చిరునామా చూపిస్తాయి. మీ ఇంటి వైఫై వరకు ఆండ్రాయిడ్‌లో ‘డివైస్ మ్యాక్’, ఐఫోన్‌లో ‘ఫిక్స్‌డ్’ అని మార్చకపోతే ఫోను ఒకరోజు గ్రూపు జారి డిఫాల్ట్‌లోకి వచ్చేస్తుంది. యాడ్‌గార్డ్ హోమ్‌లో ఒక్కో పరికరానికి ఒక్కో జాబితా ఇచ్చే వీలు లేదు. ఒక పరికరానికి వడపోత మొత్తం ఆపడమో, విడి నియమాలు రాయడమో చేయాలి. గ్రూపుల అవసరం ఉన్న ఇంటికి పై-హోల్ నయం.

ఆగిన పనికి కారణం పట్టుకోవడం

ముందు నిజంగా బ్లాకర్ వల్లేనా అన్నది తేల్చుకోవాలి. పై-హోల్ మెనూలో బ్లాకింగ్‌ను 5 నిమిషాలు ఆపి, యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఆపేసిన జవాబు ఫోను దగ్గర ఇంకా నిల్వ ఉండొచ్చు కనుక మధ్యలో ఏరోప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీయండి. అప్పటికీ పనిచేయకపోతే తప్పు బ్లాకర్‌ది కాదు, సర్వరే పడుకుని ఉండొచ్చు. ఇంట్లో బ్లాకర్ ఉందని తెలిశాక ప్రతి తప్పూ దాని మీదకే నెట్టడం మామూలే.

పనిచేస్తే బ్లాకింగ్ తిరిగి వేసి, క్వెరీ లాగ్‌లో (పరికరాలు అడిగిన పేర్ల చిట్టాలో) ఆ పరికరం ఒక్కటే కనిపించేలా వడపోయండి. గడియారం చూసి ఆగిన పని మళ్లీ చేయండి. నొక్కిన తర్వాతి పది సెకన్లలో వచ్చిన ఎర్ర వరుసలు, అంటే ఆగిన పేర్లు, చూడండి. ఫోను ఊరికే ఉన్నప్పుడు కూడా వచ్చేవి మామూలు టెలిమెట్రీ, వాటిని పక్కన పెట్టండి. సరిగ్గా నొక్కినప్పుడే కొత్తగా కనిపించిన పేరే దాదాపు ఎప్పుడూ దోషి. రెండు మూడు ఉంటే ఒక్కొక్కటే అనుమతించండి. పని కాకపోతే దాన్ని తీసేసి తర్వాతిది చూడండి. ఐదింటినీ ఒకేసారి వదిలి, పనైందని ఊరుకుంటే నలుగురు ట్రాకర్లకు ఉచితంగా తలుపు తీసినట్టే.

అనుమతి ఎప్పుడూ పూర్తి పేరుకే ఇవ్వండి. యాప్ డాట్ లింక్ కింద ఒక్కో కంపెనీకి ఒక్కో సబ్‌డొమైన్ (దాని ముందు చేరే ఉపపేరు) ఉంటుంది. మీకు కావాల్సిన కంపెనీ సబ్‌డొమైన్ ఒక్కటి చాలు, వైల్డ్‌కార్డు పెట్టి మొత్తం యాప్ డాట్ లింక్ వదలక్కర్లేదు.

కొన్నిసార్లు ఆగినట్టు కనిపించే పేరు ఆ సంస్థ సొంతదే అయి ఉంటుంది, జాబితాలో వెతికితే దొరకదు. లాగ్‌లో పక్కన ‘సీనేమ్’ అని ఉందేమో చూడండి. ఆ సబ్‌డొమైన్ లోలోపల మెయిల్ పంపే కంపెనీకో ట్రాకింగ్ కంపెనీకో మళ్లుతోందన్నమాట. పై-హోల్ 2020లో వచ్చిన వీ5 నుంచి ఈ మారుపేర్ల గొలుసును తిరగేసి ఆపుతుంది. ఇక్కడ అనుమతి ఆ సంస్థ సబ్‌డొమైన్‌కు ఇవ్వాలి, గొలుసు చివరనున్న కంపెనీకి కాదు. చివరి దాన్ని వదిలితే ఆ కంపెనీ సేవలు వాడే ప్రతి సైటుకూ దారి తెరుచుకుంటుంది.

డబ్బు మధ్యలో ఉన్నప్పుడు ఈ ప్రయోగాలేవీ చేయవద్దు. చెల్లింపు పేజీ ఆగిపోతే మళ్లీ నొక్కకుండా ముందు ఖాతా చూసుకోండి. డబ్బు పోలేదని తేలాక బ్లాకింగ్ 5 నిమిషాలు ఆపి, బిల్లు పేజీ నుంచి మొత్తం కొత్తగా మొదలుపెట్టండి. కారణం తర్వాత తీరిగ్గా వెతకొచ్చు.

వదలాలా, వద్దా

దోషి దొరికాక మూడు సంగతులు చూడాలి. ఈ డొమైన్‌ను ఇంకా ఎన్ని సైట్లు, యాప్‌లు వాడతాయి? దానికి మీరెవరో తెలుస్తుందా, లేక ఒక క్లిక్కు మాత్రమే తెలుస్తుందా? ఇంటి మొత్తానికి కాకుండా ఒక పరికరానికో ఒక బ్రౌజర్‌కో వదిలి పని గడుపుకోవచ్చా?

ఒక కంపెనీ వన్‌లింక్ సబ్‌డొమైన్ వదిలితే, ఆ కంపెనీ లింకు మీరు నొక్కారన్న సంగతి బయటికి పోతుంది. మీరు ఎలాగూ ఆ కంపెనీ దగ్గరికే వెళ్తున్నారు. నష్టం స్వల్పం, వదిలేయండి. గూగుల్‌ట్యాగ్‌మేనేజర్ డాట్ కామ్ అలా కాదు. లెక్కలేనన్ని సైట్లలో ఉంటుంది. ఒక్క ఫారం కోసం దాన్ని ఇంటి మొత్తానికి వదిలితే ఆ సైట్లన్నిటికీ వదిలినట్టే. ఇలాంటప్పుడు డీఎన్ఎస్‌ను పక్కన పెట్టి బ్రౌజర్‌తో పని చేయించాలి. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, ట్రాకర్ స్క్రిప్టును ఆపి ఊరుకోకుండా, దాని స్థానంలో ఏమీ చేయని ఉత్తుత్తి స్క్రిప్టును పెడుతుంది. సైటు కోడ్ వెతికే ఫంక్షన్ ఉంటుంది, సమాచారం ఎక్కడికీ పోదు, ఫారం కదులుతుంది. డీఎన్ఎస్‌కు ఈ విద్య రాదు. అందుకే కంప్యూటర్ల విషయంలో ఆ డొమైన్‌ను మీ ల్యాప్‌టాప్ గ్రూపుకు డీఎన్ఎస్‌లో వదిలేసి, వడపోత యూబ్లాక్‌కు అప్పగించడం వెనకడుగేమీ కాదు, చాలాసార్లు అదే మెరుగైన రక్షణ.

ఫోన్ యాప్‌లలో ఆ అవకాశం లేదు కనుక పేర్లు చదవడం రావాలి. యాప్‌లు తయారుచేసేవాళ్లు వాడే గూగుల్ ఫైర్‌బేస్‌నే తీసుకోండి. యాప్-మెజర్‌మెంట్ డాట్ కామ్ అంటే అనలిటిక్స్. ధైర్యంగా ఆపండి, సాధారణంగా ఏమీ తెగదు. పేరులో క్రాష్‌లిటిక్స్ ఉన్నవీ అంతే. ఫైర్‌బేస్‌ఇన్‌స్టలేషన్స్ డాట్ గూగుల్‌ఏపీఐస్ డాట్ కామ్ మాత్రం ముట్టుకోవద్దు, నోటిఫికేషన్ల టోకెన్ దాని మీద ఆధారపడుతుంది. అది ఆగితే కొత్తగా వేసిన యాప్‌కు నోటిఫికేషన్లు రావు, కారణం ఇదని ఎవరికీ తట్టదు. ఫైర్‌బేస్‌రిమోట్‌కాన్ఫిగ్ పేరున్నది యాప్ సెట్టింగులు తెస్తుంది. ఆపితే కొన్ని యాప్‌లు తెల్ల తెరతో ఉండిపోతాయి. వదలడమే నయం.

చెల్లింపు కంపెనీ డొమైన్ ఎర్రగా కనిపించగానే కంగారు పడవద్దు. రేజర్‌పేలో చెల్లింపు నడిచేది చెక్అవుట్, ఏపీఐ అనే సబ్‌డొమైన్ల మీద. లంబర్‌జాక్ అనే సబ్‌డొమైన్ ఈవెంట్లు పోగు చేయడానికి. చివరిది ఆగినంత మాత్రాన చెల్లింపు ఆగాల్సిన పని లేదు. ఎర్రగా ఉన్న ప్రతి పేరూ దోషి కాదు, పైన చెప్పినట్టు ఒక్కొక్కటే వదిలి చూస్తేనే తేలుతుంది.

గ్రాఫ్ డాట్ ఫేస్‌బుక్ గురించి నిక్కచ్చి సమాధానం లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడేవాళ్ల ఫోన్లకు వదలక తప్పదు. అవి లేని ఫోన్లకు, టీవీకి ఆపి ఉంచండి.

ఇల్లు దాటాక

ఆండ్రాయిడ్ 9 నుంచి ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ సెట్టింగు ఉంది. అందులో డీఎన్ఎస్ డాట్ యాడ్‌గార్డ్-డీఎన్ఎస్ డాట్ కామ్ అని రాస్తే మొబైల్ డేటాలోనూ బ్లాకింగ్ నడుస్తుంది. ఇది వీపీఎన్ కాదు. ఫోనులోనే వీపీఎన్‌లా నిలబడి వడపోసే యాప్‌లను చూసి కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ప్రైవేట్ డీఎన్ఎస్‌తో ఆ పేచీ ఉండదు. దీని ఇబ్బంది వేరు. పేరు రాసి పెట్టిన తర్వాత ఆ సర్వర్ అందకపోతే మామూలు డీఎన్ఎస్‌కు వెనక్కి పోదు, నెట్ మొత్తం ఆగుతుంది. ఈ రాకపోకలు 853 పోర్టు మీద జరుగుతాయి. రైల్వే స్టేషన్లో, హోటల్లో వైఫై ఆ పోర్టును మూసి ఉంచితే లాగిన్ అయినా ఏదీ తెరుచుకోదు. అక్కడ ‘ఆటోమేటిక్’కు మార్చుకోవాలి, బయటికొచ్చాక గుర్తుంచుకుని తిరిగి పెట్టుకోవాలి.

అలాగే ఇప్పుడు మీ ప్రశ్నలన్నీ ఆ డీఎన్ఎస్ కంపెనీ చూస్తుంది. ట్రాకర్ల దగ్గర దాచుకున్నది ఒక్కరి చేతిలో పెట్టడం ఇది. ఆ ఒక్కరి లాగ్ విధానం చదివి నమ్మగలిగితేనే పెట్టండి. నెక్స్ట్‌డీఎన్ఎస్ అనే మరో సేవ అయితే లాగ్‌లు ఆపేసే వీలుంది, కానీ ఉచిత ఖాతాలో నెలకు 3,00,000 ప్రశ్నల వరకే వడపోత. అది దాటితే నెట్ ఆగదు, వడపోత ఆగుతుంది. నాలుగు ఫోన్లు, ఒక టీవీ ఉన్న ఇంటికి అది నెలాఖరు దాకా రాకపోవచ్చు.

సొంత పై-హోల్ లాగ్ సంగతీ తక్కువది కాదు. ఇంట్లో ఎవరు ఏ సైటుకు ఎన్నింటికి వెళ్లారో నెలల తరబడి అందులో ఉంటుంది. సెట్టింగుల్లో ప్రైవసీ లెవల్ 0 నుంచి 3 వరకు ఉంటుంది. కుదుర్చుకునే తొలి రోజుల్లో 0లో ఉంచక తప్పదు, లేకపోతే ఏది ఆగిందో కనిపించదు. ఫిర్యాదులు సద్దుమణిగాక డొమైన్లు, పరికరాలు రెండూ దాచే 2కు మార్చండి, డేటాబేస్ దాచే రోజుల్ని వారానికి కుదించండి. మళ్లీ ఏదైనా తెగితే ఆ గంట వరకు 0కు తెచ్చుకోవచ్చు.

ప్రతి అనుమతి పక్కన కామెంట్ గడిలో తేదీ, ఎవరి కోసం, ఏ పని కోసం అని రాసి పెట్టండి. ఇంట్లో అందరి ఫోన్లలో ‘5 నిమిషాలు ఆపు’ పేజీకి షార్ట్‌కట్ పెట్టి ఎలా వాడాలో చూపించండి. మూడు నెలలకోసారి అనుమతి జాబితా తెరిచి, ఆ యాప్ ఇప్పుడు ఎవరి ఫోన్లోనూ లేకపోతే ఆ వరుసను డిజేబుల్ చేయండి. వారం పాటు ఎవరూ అడగకపోతే అప్పుడు తొలగించండి.